కత్తెర పెట్టని చీరలు

మొన్న మా రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో ఏదో కళా ఉత్సవమంటే మా అమ్మాయి బలవంతం మీద వెళ్లాను. గోడల నిండా బొమ్మలు, ఓ మూల సితార్ వాయిస్తున్న కుర్రాడు, మధ్యలో రాంప్. చేతికి కాగితం పట్టీ కట్టి లోపలికి పంపారు. ఆ కుర్రాడు బాగా వాయిస్తున్నాడు గానీ వినే నాథుడు లేడు. అందరూ అతని వైపు వీపు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. అక్కడే నాకు సగం ఒళ్లు మండింది. మిగతా సగం రాంప్ దగ్గర మండింది. ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన మైకు పుచ్చుకుని, కత్తెర పెట్టకుండా ఒక్క చీరని రకరకాల దుస్తులుగా మార్చి చూపిస్తానన్నాడు. ఈ ఊళ్లో ఇలాంటిది ఇదే మొదటిసారి అని కూడా అన్నాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను లేవలేదు. మా అమ్మాయి నా మోచెయ్యి పొడిచింది. ఇంటికొచ్చాక, "నీకు ఏదీ నచ్చదమ్మా" అని ముఖం ముడుచుకుంది. జవాబు చెప్పబోతే కోపానికి నాకు మాట రాలేదు. ఈ రాస్తున్నది ఆ జవాబే.

మొదటిసారట. మా మేనత్త ఆ పని రైల్వే కాలనీలో నేలమీద మోకాళ్లు మోపి, నోట్లో పిన్నులు పెట్టుకుని చేసేది. నేను ఆమె పక్కనే కూర్చుని చూశాను.

మా తాతల నాడు విజయనగరం వైపు నుంచి పట్టాల పనికి వచ్చి రాయ్‌పూర్‌లో ఉండిపోయిన కుటుంబాలు మావి. బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో విజయనగరం. ఏడాది పొడుగునా ఎవరి డ్యూటీలు వాళ్లవి. దసరా వచ్చిందంటే మాత్రం కాలనీ తెలుగువాళ్లంతా కలిసి పౌరాణిక నాటకం వేసేవారు. కమిటీ సెక్రటరీ మా నాన్న. పాత్రలు పంచేది సెక్రటరీ కాబట్టి రాజు పాత్ర కూడా మా నాన్నదే. ఆ విషయంలో ఎవరూ నోరెత్తేవారు కాదు.

మా నాటకం పగటిపూట వేసేవారు. సాయంత్రం బండెక్కాల్సిన గార్డులు, డ్రైవర్లు చూడాలి కదా. భోజనాలు కాగానే హాలు కిటికీలన్నిటికీ ఇళ్లలోంచి తెచ్చిన బొంతలు కట్టి చీకటి చేసేవారు. ఆ హాలు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పాత బొంతల వాసన, మీసాలు అంటించే జిగురు వాసన, బయట మరిగి మరిగి నల్లబడిన నూనెలో సమోసాల వాసన. ముర్రాలో, అంటే మరమరాల్లో, పచ్చి ఉల్లిపాయ, ఆవనూనె కలిపి పొట్లాలు కట్టి అమ్మేవాడు ఒకతను. మా పిల్లల గుంపు ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని కిటికీ కింద చేరేది. రాజుగారు కళ్లు మూసుకుని రాగం అందుకున్నప్పుడు బొంత కొంచెం పక్కకి లాగితే ఎండ తిన్నగా ఆయన ముఖం మీద పడేది. రాగం మధ్యలో మా నాన్న ఒక కన్ను తెరిచి మా కోసం వెతికేవాడు. ఆ తర్వాత ఇంట్లో వీపు చిట్లేది, అయినా మానేవాళ్లం కాదు.

హార్మొనీ వాయించేది కాలనీ పక్క గుఢియారీలో సైకిలు షాపు పెట్టుకున్న ముసలాయన. ఆయనకి పద్యం మొత్తం నోటికి రాదు. కానీ పాడేవాడి గొంతు ఎక్కడ తడబడుతుందో ముందే తెలిసినట్టు అక్కడ రెండు మెట్లు గట్టిగా నొక్కి మోసేసేవాడు. పద్యం బాగుంటే హాలంతా "వన్స్ మోర్" అని అరిచేది. అప్పుడు రాజు చచ్చి పడివున్నా సరే లేచి మళ్లీ పాడి మళ్లీ చచ్చిపోవాలి. మా నాన్నకి ఆ వన్స్ మోర్ అన్నం కన్నా ఎక్కువ.

మొదట్లో వేషాల బట్టలు ఊరి నుంచి రైల్లో ట్రంకు పెట్టెలో వచ్చేవి. చెమట వాసన కొట్టే మఖమలు అంగీలు, రాలిపోయే చమ్కీలు. ఒక ఏడాది నాటకం ముందురోజు దాకా ఆ పెట్టె రాలేదు. నాన్న వరండాలో అటూ ఇటూ తిరుగుతూ కనబడ్డవాళ్లందరినీ తిడుతున్నాడు. అప్పుడు మా అత్త వంటింట్లోంచి తొంగిచూసి, "చీరలున్నాయి కదేటి అన్నియ్యా" అంది.

అత్త మా నాన్నకి చెల్లెలు. పెళ్లైన రెండో ఏడే భర్త పోతే ఒక పెట్టెతో మా ఇంటికి వచ్చింది. అప్పటికి నేను పుట్టలేదు. ఇంట్లో ఆమె ఎలా ఉండేదంటే, ఎవరైనా కాఫీ తాగుతుంటే ఆమె ఎప్పుడు తాగిందో ఎవరికీ తెలిసేది కాదు. కానీ బట్ట చేతిలో పడితే మనిషి వేరు. క్యాలెండరు బొమ్మలో దేవుడి ఉత్తరీయం చూసి, ఈ బొమ్మ వేసినవాడు జన్మలో పట్టుబట్ట ముట్టుకోలేదు, పట్టు ఇలా జారదు అనేది. ఎవరిదైనా నడక చూసి వాళ్లకి ఎంత వెడల్పు కుచ్చిళ్లు పెట్టాలో చెప్పేది.

ఆ రోజు అత్త ఇల్లిల్లూ తిరిగి చీరలు అడిగి తెచ్చింది. మాటా ఇచ్చింది. చీర ఎలా వెళ్లిందో అలాగే తిరిగొస్తుంది, కత్తెర తగలదు, జరీలో సూది దిగదు. ఆ మాట మీదనే ఆడవాళ్లు పెళ్లి చీరలు కూడా బయటికి తీశారు. కలరా ఉండల వాసన, లవంగాల వాసన కలిసి మా ముందుగది నిండిపోయింది. భన్‌పురి ఫ్యాక్టరీల నుంచి వచ్చే నల్ల దుమ్ము పడుతుందని కిటికీలు మూసి, ఉక్కలో కూర్చుని పని మొదలుపెట్టింది. చీర అంచు మాత్రమే పట్టుకుని పొడుగు పొడుగు టాకాలు వేసేది, లాగితే దారం ఒక్క ఊపులో బయటికి వచ్చేసేలా. కొంగు మడతలు రొమ్ము మీదికి కవచంలా వచ్చేవి. రెండు చీరలు కలిపితే రాజుగారి అంగీ, ఆ అంగీ నడిస్తే ఊగేది, ఆగితే ఆగేది. రేడియోలో మాట రాక ముందే పాట ఏదో తెలిసిపోయినట్టు, తెర లేవగానే ఎవరు రాజో ఎవరు మంత్రో బట్ట చెప్పేసేది. ఇలాంటిది మళ్లీ నేను చూడలేదు. ఆ ఢిల్లీ ఆయన దగ్గర అస్సలు చూడలేదు.

ఆ ఏడాది నుంచి ట్రంకు పెట్టె రాలేదు, రానవసరం లేకపోయింది. దాంతోపాటు మా కాలనీలో ఒక అలవాటు పుట్టింది. స్టేజి మీదికి తమ చీర రాగానే, అది ఎవరి ఒంటి మీదున్నా, ఆ చీర గలావిడా ఆమె చుట్టాలూ చప్పట్లు కొట్టేవారు. మంత్రి గంభీరంగా నోరు తెరిస్తే వెనక బెంచీలోంచి, అదిగో మా అక్క పెళ్లి చీర అని ఈలలు. రాక్షసుడికి చీర ఇవ్వడానికి మాత్రం ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఒక ఏడాది రాక్షసుడి ఒంటి మీదే అందరికన్నా కొత్త చీర ఉందని అతను కనబడ్డప్పుడల్లా చప్పట్లు, రాజు పద్యం ఎవరికీ వినబడలేదు. ఆ సాయంత్రం నాన్న భోజనం చెయ్యలేదు. మా బుద్ధికి అది నవ్వులాట. ఆయన మాత్రం మనసులో పెట్టుకున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

రైల్వే ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మగారు కాకినాడ వైపు వాళ్లు, చర్చికి వెళ్లే మనిషి. ఆవిడ తన తెల్లటి పెళ్లి చీర ఋషి వేషానికి ఇచ్చేవారు. మొదటి బెంచీలో కూర్చుని, ఋషి వచ్చినప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టేవారు.

నేను ఐదో తరగతి చదివే ఏడాది నాటకానికి ముఖ్య అతిథిగా శంకర్ నగర్ నుంచి ఒక కాంట్రాక్టరు గారి భార్య వచ్చింది. హాలు రిపేరుకి సాయం చేస్తారని నాన్నే పిలిచాడు. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా కదలకుండా చివరిదాకా చూసింది. అయ్యాక నేరుగా వేషాలు వేసుకున్న వాళ్ల దగ్గరికి వెళ్లి అంగీ అంచు పట్టుకుని చూసి, ఇవి ఎవరు చేశారు, ఎక్కడివి అని హిందీలో అడిగింది. అత్త అక్కడే గోడ పక్కన నిలబడి ఉంది. నేను అత్త కొంగు పట్టుకుని ఉన్నాను. నాన్న ఒక్క క్షణం అత్త వైపు చూశాడు. కాలనీ ఆడవాళ్ల చీరలు కట్టుకుని రాజులమయ్యామని చెప్పడం ఆయనకి నామోషీ అనిపించింది. "కమిటీనే బన్‌వాయా హై మేడమ్, సబ్ కమిటీ కా హై" అన్నాడు. కమిటీయే చేయించింది, అంతా కమిటీదే.

అత్త ముఖం తెల్లబోయింది.

తర్వాతి వారమే ఆ మేడమ్ మనిషి వచ్చాడు. వాళ్ల లేడీస్ క్లబ్బులో ఆడపిల్లల ఫ్యాషన్ షో ఉందట, ఆ బట్టలు కావాలట. చీరలు చాలావరకు అత్త అప్పటికే టాకాలు విప్పి ఎవరివి వాళ్లకి ఇచ్చేసింది. భిలాయి తెలుగువాళ్ల ముందు ఇంకోసారి నాటకం వెయ్యాలని నాలుగైదు మాత్రం వేషాలుగానే ఉన్నాయి. అందులో మా అమ్మ ముహూర్తం చీర ఉంది, నర్సమ్మగారి తెల్ల చీర ఉంది. అవి మనవి కావు, వాళ్లని అడిగి ఇస్తానని అత్త అంది. అడిగితే తన అబద్ధం బయటపడుతుందని నాన్న భయం. కమిటీ సెక్రటరీని నేనా నువ్వా అన్నాడు. కనీసం టాకాలైనా విప్పనియ్యి, ఉత్త చీరల్లా పంపు అంది. విప్పితే అవి చీరలని తెలిసిపోతుంది కదా, అదీ కుదరదన్నాడు. మూట తనే కట్టి పంపించాడు.

షో అయ్యాక అవి తిరిగొచ్చాయి. డ్రైక్లీనింగ్ కవర్లలో, ఇస్త్రీ చేసి, ఎంతో మర్యాదగా వచ్చాయి. కమిటీ బట్టలే కదా అని వాళ్ల టైలరు ఆ అమ్మాయిల కొలతలకి కోసి, మిషను మీద కుట్టి, జాకెట్లు, లంగాలు చేశాడు. లోపల కొత్త లైనింగ్ కూడా వేశాడు. అది మాకు చేసిన ఉపకారమని ఆ మేడమ్ అనుకుంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడకి చెప్పిన మాట ఆవిడ నమ్మింది.

అత్త ఆ కవర్లు విప్పి చూసి నేల మీద కూర్చుండిపోయింది. మా అమ్మ తన ముహూర్తం చీర అంచు చేతిలోకి తీసుకుని ఏడవడం మొదలుపెట్టింది. సంగతి ఆ పూటకే కాలనీ అంతా పాకింది. సాయంత్రానికి చీరల వాళ్లు, వాళ్ల వెనక ఇంకొందరు మా వరండాలోకి వచ్చేశారు. నువ్వు కత్తెర పెట్టనని కదా అన్నావని అత్తని నిలదీశారు.

"నేను కొయ్యలేదు" అంది అత్త.

మరి ఎవరు కోశారంటే, అత్త తలెత్తి మా నాన్న వైపు చూసింది. ఆయన ఒక్క వాక్యం అంటే చాలు. నేను కమిటీవని చెప్పి పంపాను, వాళ్లు కోశారు అంటే అయిపోయేది. నాలుగు తిట్లు పడేవి, సెక్రటరీ పదవి పోయేది, అంతే. అత్త తనంతట తను చెప్పలేకపోయింది. ఆ ఇంట్లో తింటోంది, ఆ గోడల మధ్య పడుకుంటోంది, చెప్పి ఎక్కడికి పోతుంది? అందుకే ఆయన చెబుతాడేమోనని చూసింది.

మా నాన్న చేతులు జోడించాడు. గొంతు స్టేజి మీద లాగే పెట్టాడు. "ఏదో తెలీక చేసీసిందమ్మా. మా చెల్లి తరఫున నేను మాఫీ అడుగుతున్నాను. నా ముఖం చూసి ఒగ్గీండి" అన్నాడు.

నేను గొంతు చించుకుని చెప్పాను. నాన్నే మేడమ్‌తో కమిటీవని చెప్పాడు, నాన్నే మూట కట్టి పంపాడు, అత్త వద్దంది, నేను విన్నాను అని ప్రతి ముక్కా చెప్పాను. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నాన్న నా తల నిమిరి నవ్వాడు. "చిన్న గుంట. ఎవరు నేర్పితే అది మాట్లాడతాది" అన్నాడు. ఎవరు నేర్పారో చెప్పక్కర్లేదు, అందరూ అత్త వైపే చూశారు. నా మాట కూడా తీసుకెళ్లి ఆమె నెత్తినే వేశాడు. మా అమ్మ నన్ను రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది. అమ్మకి నిజం తెలుసు. మూట కట్టేటప్పుడు అమ్మ అక్కడే ఉంది.

నర్సమ్మగారు ఒక్కరే తన చీర ముక్క వెలుతురులో పెట్టి చూశారు. "ఇది మిషను కుట్టండి. వీళ్లింట్లో మిషనే లేదు కదా" అన్నారు. గుఢియారీలో కుట్టించి ఉంటుందిలే అని వెనక నుంచి ఎవరో అన్నారు. అంతటితో విచారణ ముగిసింది. చెల్లెలి తప్పు తన నెత్తిన వేసుకున్న పెద్దమనిషని నాన్నకి పేరొచ్చింది. చేసిన తప్పు దాచుకునేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. ఇంకొకరి మీద పెట్టి, పైగా వాళ్లని తనే క్షమించి, ఆ క్షమకి దండలు వేయించుకున్న మనిషిని నేను మా ఇంట్లోనే చూశాను.

తర్వాతి దసరాకి అత్తకి ఎవరూ చీర ఇవ్వలేదు. ముఖం మీద కాదనలేక, బీరువా తాళం కనబడడం లేదనేవారు. నాగపూర్ నుంచి అద్దెకి నైలాను బట్టలు తెప్పించారు. రాజు వచ్చాడు, మంత్రి వచ్చాడు, హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తెలిసిన చీర ఒక్కటీ లేదు మరి, దేనికి కొడతారు? మరో రెండేళ్లకి నాటకమే మానేశారు. హార్మొనీ ముసలాయన దసరా రోజున అలవాటుగా హాలు దాకా వచ్చి, లోపల పెద్ద పెద్ద స్పీకర్ల పెట్టెలు చూసి వెనక్కి వెళ్లిపోయాడు. నాటకం టీవీ వల్ల పోయిందని, డీజే వల్ల పోయిందని కాలనీలో ఇప్పటికీ అంటారు. కాదు. మా నాన్న వల్ల పోయింది.

అత్త గుఢియారీలో ఒక చీరల షాపులో ఫాల్, పికో పనికి కుదిరింది. ముక్కూ ముఖం తెలియని వాళ్లు రోజూ ఆమెకి చీరలు ఇచ్చి వెళ్లేవారు. పక్కింటివాళ్లు మాత్రం ఇవ్వలేదు. ఆమె జీతం మా ఇంట్లోనే ఖర్చయ్యేది, నా పుస్తకాలకి కూడా. ఇంట్లో అన్నతో ఎప్పటిలాగే మాట్లాడేది, వేడివేడిగా వడ్డించేది. నేను పెద్దదాన్నయ్యాక చాలాసార్లు పోట్లాడాను. ఒక్కసారి నోరు విప్పమని ఆమె చేతులు పట్టుకున్నాను. ఎవరి కోసం చెప్పాలే, వాళ్లకి తెలుసుకోవాలని ఉందేటి అనేది.

నా పెళ్లి రాయ్‌పూర్‌లోనే జరిగింది. పొద్దున ముహూర్తం. నాకు అత్త చేతనే చీర కట్టించుకోవాలని ఉంది. ఒప్పుకోదనుకున్నాను. ఒప్పుకుంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. నోట్లో రెండు పిన్నులు పెట్టుకుని నా ముందు మోకాళ్ల మీద కూర్చుంటే నాకు ఐదో తరగతి అయిపోయినట్టే లేదు. కుచ్చిళ్లు పెడుతోంది. పట్టు మడత పడే సవ్వడి తప్ప గదిలో ఇంకేమీ లేదు.

పక్క గదిలో నాన్న మగపెళ్లివారికి, కాలనీ వాళ్లకి కబుర్లు చెబుతున్నాడు. వయసు మీద పడ్డాక ఆయనకి పాత కబుర్లు ఎక్కువయ్యాయి. నాటకాల రోజుల గురించి ఎవరో అడిగారు. అప్పుడు చెప్పాడు. శంకర్ నగర్ మేడమ్ కథ మొత్తం, కమిటీదే అని కోసిన కోతతో సహా, హిందీ ముక్క హిందీలోనే అనుకరించి, లైనింగ్ దాకా. "పాపం మాట మా చెల్లి మీద పడిపోయింది" అని నవ్వాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజు మా వరండాలోకి వచ్చిన ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్లూ నవ్వారు. అవునా, మేం ఇన్నాళ్లూ ఆవిడే అనుకున్నాం అని ఒకరు అనడం నాకు స్పష్టంగా వినిపించింది.

అత్త చేతులు ఆగాయి. కుచ్చిళ్లు నలగకుండా అలాగే పట్టుకుని ఉంది. నోట్లోంచి పిన్నులు తీసి, "ఎంత తేలిగ్గా చెప్పీసేడే" అంది.

నేను కదలబోతే, చీర జారుతుంది కదలకు అంది. మళ్లీ పని అందుకుంది. అంతలో ఆ నవ్వినావిడే కళ్లు తుడుచుకుంటూ, చేతి మీద ఒక పట్టుచీర వేసుకుని మా గదిలోకి వచ్చింది. ఇన్నేళ్లుగా అత్త కనబడితే తాళాలు వెతుక్కున్న మనిషే. ఏమీ జరగనట్టు, మా కోడలికి కూడా నువ్వే కట్టెయ్యమ్మా, నీ చేతి అందం ఎవరికీ రాదు అంది. అత్త నా కొంగు సర్దుతూనే ఉంది. గుమ్మం దాకా వచ్చిన నాన్న చూశాడు. "అడుగుతున్నారు కదే, కట్టు" అన్నాడు.

అత్త నా భుజం మీద ఆఖరి పిన్ను పెట్టింది. లేచి నిలబడి అన్న ముఖంలోకి చూసింది.

"కట్టను" అంది.

ఆమె మా నాన్నతో ఆ మాట అనడం నేను పుట్టాక అదే మొదటిసారి వినడం. వచ్చినావిడ తన చీర పుచ్చుకుని వెళ్లిపోయింది. నాన్న అవతల పంతులుగారు పిలుస్తున్నారని వెళ్లాడు. ఆ రోజు నా ఒంటి మీద ఉన్నదే ఆమె చివరిసారి ఇంకొకరికి కట్టిన చీర. రెండేళ్లకి ఆమె పోయింది. కాలనీ ఆడవాళ్లంతా వచ్చారు, ఎంత పనిమంతురాలో అని ఏడ్చారు. వాళ్లకి మంచినీళ్లు ఇవ్వడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. నాన్న ఉన్నాడు, ఆరోగ్యంగానే ఉన్నాడు. ఇప్పటికీ ఎవరైనా కదిపితే ఆ కథ చెప్పి నవ్విస్తాడు. నేనున్న గదిలో మాత్రం చెప్పడు.